టైరు పక్కనున్న నాలుగు అంకెలు

బేకప్ అనే ఊళ్ళో పాత కారు కొనేవాడు ముందు తన డబ్బు చూసుకోడు, క్లిఫ్ ఆర్మరాడ్‌కి తీరిక ఉందో లేదో చూసుకుంటాడు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో అదే రివాజు. క్లిఫ్ మెకానిక్కూ కాదు, డీలరూ కాదు. టైర్ల షాపులో చక్రాలు విప్పి బిగించే పనివాడు. అయినా అతను తల ఊపితేనే బేరం, లేకపోతే లేదు. ఫీజు ఒక పొట్లం చేపా చిప్సూ, ఒక గ్లాసు బీరు. అంతకు మించి ఎవరైనా జేబులో పెట్టబోతే "నన్ను బ్రోకర్ని చేస్తావేంటి" అని మొహం గంటు పెట్టుకునేవాడు.

అతని పద్ధతి అతనిది. వానలో కారు చూడడు, తడి మీద సొట్టలు కనబడవని. బేకప్‌లో వాన వెలిసేదాకా ఆగితే పెళ్ళికి కొందామనుకున్న కారు పురిటికి అందుతుందని జనం వెక్కిరించేవారు. వెళ్ళగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టేవాడు. వెచ్చగా ఉందంటే అమ్మేవాడు ముందే స్టార్ట్ చేసి ఏదో రోగం దాచాడన్నమాట. అలాగని మొహం మీద ఏమీ అనేవాడు కాదు. "మంచి కారండీ. ఆలోచించుకుని చెప్తాం" అని టోపీ సర్దుకునేవాడు. ఇక మళ్ళీ రాడని అమ్మేవాడికీ తెలిసిపోయేది, వెంట వచ్చినవాడికీ తెలిసిపోయేది.

అన్నిటికంటే ముఖ్యం టైర్లు. సర్వీసు పుస్తకం, రసీదుల కట్ట తెచ్చి చేతిలో పెడితే పక్కన పడేసి మోకాళ్ళ మీద కూర్చునేవాడు. కాగితం మీద ఎవడైనా ఏదైనా రాస్తాడు, టైరు అబద్ధం చెప్పదు అనేవాడు. నాలుగూ ఒకే కంపెనీవి, మంచివి అయితే ఆ ఇంట్లో కారుకి తిండి పెట్టారు. నాలుగూ నాలుగు రకాలైతే ఆ ఇంట్లో డబ్బు అయిపోయింది, ఇంజన్ ఆయిలు కూడా మార్చి ఉండరు. ఆ తర్వాత టైరు పక్కన చిన్నగా పోతపోసి ఉండే నాలుగు అంకెలు వెతికేవాడు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. టైరు పుట్టిన తేదీ అది. ఆరేళ్ళు దాటాక గాడి ఎంత లోతుగా ఉన్నా ఆ రబ్బరులో ప్రాణం ఉండదు. పొడి రోడ్డు మీద బుద్ధిగానే ఉంటుంది, తడిలో మోసం చేస్తుంది. ఈ సంగతి క్లిఫ్ ఊళ్ళో సగం మందికి నేర్పాడు. కొడుకు నేథన్‌కి పన్నెండో ఏటే నేర్పాడు.

ఆ నేథన్ ఇరవై నాలుగేళ్ళు వచ్చాక ఒకరోజు భోజనాల బల్ల దగ్గర కూర్చుని, తనకి ఆ కారే కావాలన్నాడు.

ఆ కారంటే జర్మనీది. నాలుగు తలుపులు, బూడిద రంగు, బయటికి చూస్తే ఏ బ్యాంకు గుమాస్తాదో అనుకుంటాం. లోపల మూడు వందల నలభై గుర్రాల బలం. కొత్తగా వచ్చినప్పుడు ఆ కారు ఖరీదుకి బేకప్‌లో ఇల్లు వచ్చేది. పదకొండేళ్ళు గడిచేసరికి ఆరున్నర వేల పౌన్లకి దిగింది. బిస్కెట్ల గోదాములో నాలుగేళ్ళు పనిచేసి నేథన్ సరిగ్గా అంతే కూడబెట్టాడు.

క్లిఫ్ కరెంటు బిల్లు వచ్చిన కవరు తిరగేసి పెన్సిలు తీశాడు.

"కొనడానికి ఆరున్నర. సరే, ఉన్నాయి. మరి మేపడం? నీ వయసు కుర్రాడికి ఇన్సూరెన్సు రెండు వేల రెండొందలు. గాలనుకి ఇరవై మైళ్ళు, పనికి రోజూ రాచ్‌డేల్ పోయి రావాలి, అంటే ఏడాదికి పెట్రోలు మూడు వేలు. రోడ్డు పన్ను మూడొందలు. బ్రేకులు ఐదొందలు. సర్వీసు ఆరొందలు. వెనకాల టైర్లు ఏడాది కూడా రావు, జత నాలుగొందల ఇరవై. కూడు."

"కూడను" అన్నాడు నేథన్.

"నేనే కూడతాలే. ఏడు వేలు. నీ జీతంలో సగం. దాని ధర పడిపోయింది గాని ఆకలి పడిపోలేదురా."

"నాన్నా, ఇంతవరకు నువ్వు ఎవరి కారుకైనా ఒక్కసారికే అవునన్నావా? నీ నోట్లోంచి ఆ మాట రావాలంటే పళ్ళు ఊడగొట్టాలి."

ఇస్త్రీ చేసుకుంటున్న గ్లెనిస్ తల ఎత్తకుండానే అందుకుంది. "నాకు అవునని చెప్పడానికే రెండేళ్ళు తీసుకున్నాడు మీ నాన్న. నా బానెట్ మీద చెయ్యి పెట్టి చూసుకుంటూ కూర్చున్నాడు."

ముగ్గురూ నవ్వారు. నవ్వాక కాదనడం కష్టమైపోయింది.

నాలుగు కార్లు చూశారు. నాలుగు చోట్లా క్లిఫ్ టోపీ సర్దుకున్నాడు. ఐదోది హారోగేట్‌లో, పని మానేసిన పళ్ళ డాక్టరుది. బానెట్ చల్లగా ఉంది. నాలుగు టైర్లూ ఒకే రకం, ఏడాది కిందటివి. తప్పు వెతకడానికి క్లిఫ్ గంటన్నర సేపు కింద దొర్లాడు, దొరకలేదు. చివరికి తనే నడిపి చూస్తానని కొండ రోడ్డు మీదికి తీసుకెళ్ళి ఒక్కసారి కాలు నొక్కాడు. సీటు వీపును తోసింది. ముప్పై ఏళ్ళుగా ఇలాంటి కార్ల చక్రాలు చేతులతో మోశాడు గాని ఒక్కటీ నడిపిన పాపాన పోలేదు.

"నాన్నా, నవ్వుతున్నావు."

"గాలి, గాలి కొడుతోంది."

"అద్దాలు మూసే ఉన్నాయి నాన్నా."

తల ఊపింది క్లిఫే. కాబట్టి ఆ కారు వచ్చిందంటే అతను అవునన్నందుకే వచ్చింది. ఆ మాట అతను ఎన్నడూ కాదనలేదు.

ఏడాది బాగానే గడిచింది. కారు చెడిపోలేదు, ఎక్కడా ఆగలేదు. కాకపోతే కవరు మీద రాసిన ప్రతి అంకే చెప్పిన వేళకి వచ్చి గుమ్మంలో నిలబడింది. రెండో ఏడు ఇన్సూరెన్సు కట్టేసరికి నేథన్ జేబు ఖాళీ. ఆ సెప్టెంబరులోనే వెనక టైర్లు బోడిగుండ్లు అయ్యాయి.

షాపుకి తీసుకొచ్చి తండ్రి పక్కన నిలబడి నసిగాడు. "నాన్నా, నువ్వు పెట్టవా ఈసారికి? జనవరిలో ఇచ్చేస్తా."

క్లిఫ్ దగ్గర లేక కాదు. ఉంది. కాని కవరు గుర్తొచ్చింది. మాట వినని కొడుకు ఎదురుగా నిలబడి చెయ్యి చాస్తే తండ్రికి ఎక్కడో లోపల కొంచెం తీపిగా ఉంటుంది. ఆ తీపికి లొంగిపోయాడు మనిషి.

"ఏనుగుని కొన్నవాడివి అంకుశం దగ్గర పేచీ పెడతావేం? రాసి చూపించానా లేదా? నీది నువ్వు మేపుకో."

"మేపుతాలే, ఇప్పుడు మటుకు ఏదో ఒకటి బిగించు. సోమవారం డ్యూటీకి వెళ్ళాలి."

షాపు వెనకాల పాత టైర్ల గుట్ట ఉంది, తుక్కుకి పోయే కార్ల నుంచి తీసినవి. వాటిలోంచి సైజు సరిపోయే రెంటిని క్లిఫ్ లాగాడు. గాడి లోతు కొలిచాడు. ఐదు మిల్లీమీటర్లు, చట్టం అడిగే దానికి మూడింతలు. తర్వాత అలవాటు కొద్దీ తిప్పి అంకెలు చూశాడు. 1104. రెండు వేల నాలుగు, పదకొండో వారం. అంటే పదేళ్ళు దాటి ఆర్నెల్లు. బొటనవేలి గోరు గుచ్చి చూశాడు, దిగలేదు.

అక్కడ ఆగి ఉండవలసింది. ఆగకపోవడానికి ఒక కారణం ఉంది, అది ఎవరికీ తెలియదు. ఆ వారంలోనే క్లిఫ్ తన డబ్బుతో మంచి టైర్ల జత కొనేశాడు. కొని షాపు మూలన పట్టా కప్పి, సుద్దతో కొడుకు పేరు రాసి పెట్టాడు. క్రిస్మస్ పొద్దున ఇద్దామని. అప్పటిదాకా మూడు నెలలు కుర్రాడికి కొంచెం భయం తెలియాలి, డబ్బు విలువ తెలియాలి. ఇంత చదును రోడ్డు మీద మూడు నెలలకి ఏమవుతుంది అనుకున్నాడు. బేకప్ చుట్టుపక్కల చదును రోడ్డు ఒక్కటీ లేదు.

ఆ రకం టైరు ఎటు తిప్పి బిగించినా పరవాలేదు. అంకెలు మాత్రం ఒక పక్కనే ఉంటాయి. బయటికి కనబడేలా బిగించడం క్లిఫ్ అలవాటు, దాచడానికి ఏమీ లేనివాడి పని అది అని గొప్పగా చెప్పుకునేవాడు. ఆ రోజు లోపలికి తిప్పి బిగించాడు. అంకెలు చదవడం వాడికి తనే నేర్పాడు మరి.

"వానలో మెల్లగా పో" అన్నాడు నట్లు బిగించి లేస్తూ.

"మెల్లగా కాక? కాలు నొక్కితే పెట్రోలు నువ్వు పోయిస్తావా?" అని నవ్వి వెళ్ళిపోయాడు నేథన్.

నవంబరు పంతొమ్మిదిన సాయంత్రం ఐదున్నరకి, డ్యూటీ నుంచి వస్తూ, రిజర్వాయరు మలుపులో కారు వెనక భాగం పక్కకి జారింది. రోడ్డు తడిగా ఉంది. కారు గిర్రున తిరిగి రాతి గోడకి డ్రైవరు వైపు తగిలింది. అంబులెన్సు వచ్చేసరికే నేథన్ లేడు.

పోలీసు ఇంటికి వచ్చి టోపీ తీసి చెప్తున్నప్పుడు గ్లెనిస్ కింద కూలబడిపోయింది. క్లిఫ్ నిలబడే ఉన్నాడు. అతని మనసులో మొదట వచ్చింది కొడుకు మొహం కాదు. 1104 అన్న అంకె. అందుకు అతను తనని తాను ఎన్నటికీ క్షమించుకోలేదు.

ఊరు మంచిదే. కూరలు వండి తెచ్చారు, చర్చిలో చోటు చాలలేదు. కాని నోళ్ళు ఊరుకోవు కదా. ఇరవై ఐదేళ్ళు, మూడు వందల గుర్రాలు, ఇంకేమవుతుంది అన్నారు. రొట్టెల కొట్లో ఒకావిడ జాలిగానే అంది, "ఆ వయసు పిల్లల చేతికి అలాంటి కారు ఇవ్వకూడదమ్మా, కాలు ఊరుకోదు" అని. గ్లెనిస్ కొన్న రొట్టె బల్ల మీదే వదిలేసి ఇంటికి వచ్చేసింది.

"మనవాడు స్పీడుగా పోయేవాడా? చెప్పవయ్యా. పెట్రోలుకి డబ్బుల్లేక వాలులో ఇంజను మీద భారం పడకుండా కారుని మెల్లగా దించుకునేవాడు. వాడా స్పీడు?"

"కాదు."

"అయితే ఎవరికీ చెప్పవేం? నీ మాట ఊరంతా వింటుంది."

క్లిఫ్ టీ కప్పు వైపు చూస్తూ కూర్చునేవాడు. జైలుకి భయపడి కాదు. జైలంటే అతనికి లెక్కే లేదు. నోరు తెరిస్తే గ్లెనిస్ మొహం ఎలా మారుతుందో అని భయం. కొడుకు ఎలాగూ పోయాడు, ఇక ఆ ఇంట్లో అతనికి మిగిలింది ఆ మొహం ఒక్కటే. పనికి వెళ్ళినప్పుడు మధ్యాహ్నం పట్టా ఎత్తి ఆ కొత్త టైర్ల ముందు కాసేపు నిలబడేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. ఇతను ఆకులు ముందే కొని దాచి, చేతులు కాలనిచ్చాడు.

గ్లెనిస్ ఆశంతా కరోనరు మీదే పెట్టుకుంది. ఇలాంటి చావులకి కారణం తేల్చి రికార్డులో రాసే అధికారి ఆయన. ఆయన నోట నేథన్ తప్పు లేదని ఒక్క మాట వస్తే చాలు, ఆ కాగితం తీసుకెళ్ళి రొట్టెల కొట్లో అంటిస్తానంది. నాలుగు నెలలు ఆ మాట మీదే బతికింది.

మార్చిలో విచారణ. చిన్న గది, పది కుర్చీలు. మలుపు దగ్గర గొర్రెలు మేపుకునే రైతు ముందు చెప్పాడు. కారు కళ్ళారా చూడలేదట, ఇంజను చప్పుడు విన్నాడట, చాలా గట్టిగా వినబడింది కాబట్టి స్పీడుగానే పోయి ఉండాలన్నాడు. ఆ కారు వీధిలో నిలబడి ఉన్నా అలాగే వినబడుతుందని క్లిఫ్‌కి తెలుసు. తర్వాత కారుని పరీక్షించిన పోలీసు నిపుణుడు లేచాడు. బ్రేకులు బాగున్నాయి, స్టీరింగు బాగుంది, టైర్ల గాడి చట్టానికి లోబడే ఉంది, గాలి సరిపడా ఉంది. కారులో లోపం లేదు కనుక ఆ మలుపుకీ ఆ తడికీ తగని వేగమే కారణమై ఉండవచ్చు.

వేగం అన్న మాట దగ్గర గ్లెనిస్ చెయ్యి క్లిఫ్ మోచేతిని పట్టుకుంది.

"కుటుంబం వాళ్ళు ఏమైనా అడగాలనుకుంటున్నారా?" అన్నాడు కరోనరు మర్యాదగా. అది అక్కడి ఆనవాయితీ.

గ్లెనిస్ మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకొచ్చింది. లేచింది, మళ్ళీ మనసు మార్చుకుంది. కాగితం క్లిఫ్ చేతిలో పెట్టి కూర్చుంది. అతను లేచాడు, ఆమె అతని కోటు అంచు పట్టుకుంది. మొదటి ప్రశ్న పెద్ద అక్షరాలతో ఉంది. మావాడు స్పీడుగా పోయాడని మీకు ఎలా తెలుసు?

క్లిఫ్ కాగితం మడిచాడు.

"వెనక టైర్ల వయసెంతండీ?"

నిపుణుడు కాగితాలు తిప్పాడు. "వయసు రాయలేదు. కారు టైర్లకి వయసు పరిమితి చట్టంలో లేదు."

"అంకెలు లోపలి వైపు ఉంటాయి. చక్రం విప్పితే గాని కనబడవు. పదకొండో వారం, రెండు వేల నాలుగు. రెండూ అంతే."

కరోనరు కలం ఆపాడు. "మీకెలా తెలుసు మిస్టర్ ఆర్మరాడ్?"

"బిగించింది నేనే."

కోటు అంచు మీద ఉన్న చెయ్యి గ్లెనిస్ ఎప్పుడు తీసేసిందో క్లిఫ్‌కి తెలియలేదు. మీకు మీరే నష్టం తెచ్చుకునే జవాబు చెప్పాల్సిన పని లేదని కరోనరు హెచ్చరించాడు.

"ఏళ్ళ తరబడి ఇదే పనండీ నాది. పదేళ్ళ రబ్బరు తడిలో ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ మలుపులో గంటకి యాభై మైళ్ళ దాకా పోవచ్చని బోర్డు ఉంది. ఆ టైర్ల మీద ముప్పై ఐదు కూడా ఎక్కువే. మెల్లగా పోయినా జారుతుంది. మావాడికి తెలియకూడదని అంకెలు లోపలికి తిప్పి పెట్టాను. చూస్తే వాడు చదివేస్తాడు, చదవడం నేనే నేర్పాను." అతను ఆగి ఊపిరి తీసుకున్నాడు. "మంచివి కొని పెట్టాను. షాపులో ఉన్నాయి, ఇప్పటికీ. క్రిస్మస్‌కి ఇద్దామని. వాడికి బుద్ధి రావాలని."

నిపుణుడిని మళ్ళీ అడిగారు. టైర్లు అంత పాతవే అయితే తక్కువ వేగంలోనూ జారే అవకాశం ఉందని ఒప్పుకున్నాడు. అరగంట విరామం తర్వాత కరోనరు చదివాడు. రోడ్డు ప్రమాదం. టైర్ల వయసు ఒక కారణం. అతివేగం అనడానికి ఆధారం లేదు.

గ్లెనిస్‌కి కావలసిన కాగితం దొరికింది.

మెట్లు దిగి బస్టాపు దాకా ఇద్దరూ నడిచారు. సన్నగా తుంపర పడుతోంది. ఆమె తిడుతుందని, కొడుతుందని, ఏదో ఒకటి చేస్తుందని క్లిఫ్ ఎదురు చూశాడు. అది జరిగితే బాగుండునని ప్రాణం కొట్టుకుంది. ఆమె బస్టాపు రేకు కింద నిలబడి రోడ్డు వైపే చూస్తూ మాట్లాడింది.

"చనిపోవడానికి వారం ముందు, మంగళవారం నాడు నాతో అన్నాడు. అమ్మా, వానలో వెనకాల జారుతోందే, ఆ టైర్లు నాకు నచ్చలేదు, విప్పించి చూడనా అని."

క్లిఫ్ తల మీది టోపీ తీసేశాడు.

"నేను కసిరాను. మీ నాన్న బిగించిన వాటికి వంక పెడతావా, ఊరంతా ఆయన్ని నమ్ముతుంటే నీకేం వచ్చిందిరా అన్నాను. నోరు మూసుకుని వెళ్ళిపోయాడు."

టాడ్‌మోర్డెన్ బస్సు వచ్చింది. ఆమె చెల్లెలి ఊరు అది, ఇంటికి వెళ్ళే బస్సు కాదు. గ్లెనిస్ ఎక్కి, డబ్బులిచ్చి, బస్టాపు కనబడని అవతలి వైపు సీట్లో కూర్చుంది.